మంచి నడవడిక పతకం వాపసు

శ్రీయుత మండల విద్యాశాఖాధికారి గారి దివ్యసముఖమునకు,

వలిసెలపుట్టు గ్రామ కాపురస్తుడు, మండల రెవెన్యూ కార్యాలయంలో ఇరవై ఏడేళ్లు అటెండరుగా పనిచేసి రిటైరైన సెగ్గె బొంజుబాబు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: వలిసెలపుట్టు ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చదువుచున్న నా మనవరాలు హేమలతకు ప్రదానం చేసిన 'మంచి నడవడిక' పతకమును తక్షణమే వెనక్కి తీసుకొనుట గురించి, మరియు నాలుగో తరగతి విద్యార్థిని కిల్లో చిట్టిని తిరిగి బడికి రప్పించుట గురించి.

సూచిక: ఏమీ లేదు. సూచిక లేని అర్జీని గుమాస్తా గారు ముట్టుకోరని తెలిసి, ఆ మాటైనా ఉండాలని ఉంచాను.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా, తమ పిల్లకి పతకం రాలేదని అర్జీలు పెట్టినవాళ్లను తమరు చాలామందిని చూసి ఉంటారు. వచ్చిన పతకం పీకెయ్యమని పెట్టినవాణ్ణి చూసి ఉండరు. రిటైరయ్యాక పొద్దుపోక నాకు మతి చలించిందని నా భార్య అప్పలనర్సమ్మ అభిప్రాయం. ఎదుటిపక్షం వాదన కూడా దాఖలు చేయడం పద్ధతి కాబట్టి దాన్ని ఇక్కడ దాఖలు చేస్తున్నాను.

నా అనుభవం గురించి ఒక ముక్క. నేను మోసిన అర్జీలకు లెక్కలేదు. కిటికీ దగ్గర పుచ్చుకుని బల్ల మీద పెట్టేవాణ్ణి. బల్ల మీంచి బీరువాలోకి, బీరువాలోంచి వెనక గదిలోకి. వెనక గదిలోంచి ఎటు పోయేవో అడగవద్దు. ఒక పేజీ అర్జీని 'వివరాలు చాలవు' అని, పది పేజీల దాన్ని 'సారాంశం జతపరచలేదు' అని తిప్పి పంపిన అధికారులను ఎరుగుదును. అందుచేత ఎంత అవసరమో అంతే రాస్తున్నాను. తమరు టిఫిను చేసి, ఫ్యాను కింద కూర్చుని చదవవలసిందిగా ప్రార్థన.

1. నిషిద్ధ పదముల పట్టిక గురించి.

మా బడి హెడ్మాస్టరు ప్రేమ్‌కుమార్ గారు నిరుడు జూన్‌లో తెనాలి వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. మంచి మనిషి. వానొచ్చినా, జీపు రాకపోయినా బడికి వస్తారు. పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోకూడదని, చిన్నప్పుడే మంచి గుణాలు అలవడాలని ఆయనకు మహా పట్టుదల. వచ్చిన వారం రోజులూ వరండాలో కూర్చుని పిల్లలు ఏమేం తిట్టుకుంటున్నారో విని, పదకొండు మాటలు ఏరి, చార్టు మీద ఎర్రసిరాతో రాసి గోడకు కొట్టించారు.

అందులో మొదటి మాట 'గుంట'. రెండోది 'గుంటడు'.

అయ్యా, తమరు ఏ జిల్లావారో నాకు తెలియదు గనుక మనవి చేస్తున్నాను. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. కాన్పు అయ్యాక మంత్రసాని బయటికి వచ్చి చెప్పే మాట అదే. మాస్టారి ఊళ్లో గుంట అంటే నేలలో తవ్వింది, లేకపోతే నక్క ముందు వచ్చేది. మా పిల్లలు గుంటనక్క అనే తిట్టును సగానికి కోసి వాడుకుంటున్నారని ఆయన అనుకున్నారు. మేం చెప్పబోతే, అలవాటైపోయిన తిట్టు తిట్టులా వినపడదు అన్నారు. ఆ మాట వేరే చోట నిజమేనని తర్వాత నాకు తెలిసింది, కిందికి వస్తాను.

పట్టికలోని మాట అన్నవాళ్లకు ఎర్ర స్టిక్కరు. మంచి పని చేసినవాళ్లకు ఆకుపచ్చది. అంటించే పని ఐదో తరగతి లీడరుది. లీడరు మా హేమలత. ఒకరోజు మా ఆవిడ 'గుంటా, అన్నానికి రాయే' అని పిలిస్తే, ఈ పిల్ల వచ్చి నాయనమ్మ జాకెట్టు చేతికి ఎర్ర స్టిక్కరు అంటించి పోయింది. ఆవిడ చూసుకోలేదు. ఆ స్టిక్కరుతోనే రేషను డిపోకి వెళ్లి, చర్చి దగ్గర పెళ్లి భోజనానికి వెళ్లి, అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక అందరి మీదా అలిగి ఇంటికి వచ్చింది. ఆ అలక నా మీద తీరింది. ఇది ఫిర్యాదు కాదు, నమోదు మాత్రమే.

2. పతకం గురించి.

యాభై ఆకుపచ్చలు ఎవరికి ముందు వస్తే వారికి జనవరి ఇరవై ఆరున పతకం ఇస్తామన్నారు. మా పిల్లకు డిసెంబరు కల్లా యాభై మూడు వచ్చాయి. ఎర్ర స్టిక్కరు ఒక్కటీ లేదు. ప్రార్థనకు ముందొచ్చింది, గోళ్లు కత్తిరించుకుంది, అయ్యవారికి నమస్కారం పెట్టింది, తోటి పిల్లలను ఆటలాడించింది, ఇలా పుస్తకం నిండా ఉంది. జెండా పండగ నాడు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. పతకం వేసినప్పుడు ఈల వేశాను. అరవై రెండేళ్ల మనిషి ఈల వేయడం ఏమిటని మా ఆవిడ మోచేత్తో పొడిచింది. ఊరంతటికీ పల్లీ ఉండలు పంచాను. ఎందుకు దాచాలి, నా జన్మకు మా ఇంట్లో ఎవరికైనా పతకం రావడం అదే మొదలు.

3. సంతలో జరిగిన సంగతి.

తర్వాతి వారం హుకుంపేట సంతకు పతకం జేబులో పెట్టుకుని వెళ్లాను. సంతలో పతకంతో పనేమిటని అడిగితే, పొగరుకి అని జవాబు. ముగ్గురికి చూపించాక విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపులు అమ్ముకుంటున్న సోములమ్మ కనిపించింది. వాళ్లది మా ఊరికి పైన, కొండ మీద ఉన్న ఎగువ వలిసెలపుట్టు. ఆమెకూ చూపించాను. పతకాన్ని అటూ ఇటూ తిప్పి, దాని మీది దుమ్ము కొంగుతో తుడిచి నాకు ఇచ్చేసింది. 'మంచిదే బాబూ' అంది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది.

"మా గుంట బడికెల్లడం మానీసింది బాబూ. ఇరవై దినాలయిపోనాది. ఎందుకే అంటే నోరిప్పదు. ఇంకో పది దినాలు సూసి మేస్టరు పేరు కొట్టీత్తారంట. నువ్వు ఆపీసుల పన్జేసినోడివి. ఓ మాట సెప్పవా."

ముప్పై రోజులు వరసగా రాని పిల్ల పేరు తీసేసి, 'మానివేసినది' అని రాయాలని మాస్టారి దగ్గర నిబంధన ఉందట. ఒకసారి ఆ మాట రాశాక ఆ పిల్ల మళ్లీ బడి గుమ్మం తొక్కిన సందర్భం మా కొండల్లో నేను ఎరగను. ఆ పిల్లే పైన చెప్పిన కిల్లో చిట్టి. సోములమ్మకు మాట ఇచ్చి ఇంటికి వచ్చాను.

4. ఆట గురించి.

ఇంటికొచ్చి హేమలతను అడిగాను, చిట్టి ఎందుకు రావడం లేదే అని. తెలీదంది. బడిలో ఎవరైనా దాన్ని ఏడిపిస్తున్నారా అంటే, ఎవరూ లేదు తాతా, పైగా రోజూ ఆడించుకుంటాం అంది. ఏం ఆట అన్నాను.

"పీటీజీ ఆట తాతా. నానే కనిపెట్టినాను."

అయ్యా, ఆ ఆట నియమాలు పిల్ల చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. మామూలు ముట్టుకునే ఆటలో ఎవరు దొంగ అని పంటలు వేసుకుంటారు. ఇందులో పంటలు లేవు. దొంగ ఎప్పుడూ చిట్టే. చిట్టి ఎవరిని ముట్టుకుంటే వాళ్లకు 'పీటీజీ' అంటుకున్నట్టు. వాళ్లు కుళాయి దగ్గరికి పరిగెత్తి, మోచేతుల దాకా కడుక్కుని, ఇరవై వరకు లెక్కపెట్టాలి. అప్పుడు పోతుంది. చిట్టికి మాత్రం పోదు, దానికి కడుక్కునే రూలు లేదు. ఇంటర్వెల్లులో ఆట, అన్నం బెల్లు తర్వాత ఆట. అన్నానికి కూర్చున్నప్పుడు కూడా ఆట అయిపోలేదని చెప్పి దాని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట.

చేతులు కడిగించినందుకు పరిశుభ్రత కింద ఒక ఆకుపచ్చ. ఇరవై లెక్కపెట్టించినందుకు గణితం కింద ఒకటి. ఆటలాడించినందుకు నాయకత్వం కింద ఒకటి. మాస్టారు వరండాలోంచి చూసి ముచ్చటపడి ఫొటో తీసి, పిల్లలు తమంతట తామే చేతులు కడుక్కుంటున్నారని మండలం వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు. దానికి తమ కార్యాలయం నుంచి రెండు చప్పట్ల బొమ్మలు వచ్చాయి. తమరు పెట్టారని నేను అనడం లేదు.

ఈ ఆటలో విసిగి చిట్టి ఒకసారి, 'ఓసి గుంటా, ఇంక నన్నొగ్గీయే' అంది. పట్టికలో మొదటి మాట. ఎర్ర స్టిక్కరు. మర్నాడూ అంది, మూడోనాడూ అంది. మూడు ఎర్రలకు శిక్ష ఏమిటంటే ప్రార్థనలో అందరి ముందూ నిలబడి క్షమాపణ చెప్పాలి. చిట్టి నిలబడి మా హేమలతకు క్షమాపణ చెప్పింది. మా హేమలత క్షమించింది. క్షమాగుణానికి దానికి ఇంకో ఆకుపచ్చ వచ్చింది. మర్నాటి నుంచి చిట్టి రాలేదు.

ఇదంతా నా మనవరాలు నవ్వుతూ చెప్పింది. దానికి అందులో తప్పేమీ కనపడలేదు.

5. హెడ్మాస్టరు గారి జవాబు.

పొద్దున్నే బడికి వెళ్లి మాస్టారికి అంతా చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. పరిగెత్తుకెళ్లి పట్టిక చూశారు. పదకొండు మాటల్లో 'పీటీజీ' లేదు. పోనీ పన్నెండోదిగా రాద్దామని స్కెచ్చు పెన్ను తీశారు. తీసి, మూత పెట్టేశారు. హాజరు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. చిట్టి పేరు పక్కన గడిలో అదే మాట ఉంది. స్కాలర్‌షిప్పు జాబితాలో ఉంది. పైనుంచి వచ్చిన ఉత్తర్వుల్లో సీలు కింద ఉంది. ప్రభుత్వం వారి మాటను తిట్ల పట్టికలో ఎలా చేర్చను బొంజుబాబు గారూ, నా ఉద్యోగం పోదా అని ఆయన నన్నే అడిగారు.

గిరిజనుల్లో మరీ వెనకబడిన తెగలవారిని వేరే జాబితా కట్టి, వారికి ఆ ఇంగ్లీషు అక్షరాలు పెట్టారని తమకు తెలిసిందే. మేమూ గిరిజనులమే, కాకపోతే ఆ జాబితాలో లేనివాళ్లం. ఈమధ్య మధ్యలో ఇంకో అక్షరం ఇరికించి పీవీటీజీ అన్నారు. నా నోరు తిరగక పాతదే అనేవాణ్ణి.

6. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చినది.

ఈ అంశం రాయకుండా అర్జీ ముగించవచ్చు. రెండు రోజులు అలాగే అనుకున్నాను. హేమలతను కూర్చోబెట్టి, ఈ మాట నీకు ఎవరు నేర్పారే, ఆ వెధవ పేరు చెప్పు, అర్జీలో రాస్తాను అన్నాను. పిల్ల నా ముఖంలోకి చూసింది.

"నువ్వే కద తాతా."

నిజమే. తల దువ్వుకోకపోతే 'ఏటే పీటీజీలాగ ఉన్నావు' అనేవాణ్ణి. కంచం నాకితే అనేవాణ్ణి. చెప్పులేసుకోకపోతే అనేవాణ్ణి. తిడుతున్నానని నాకు తెలియదు, మాస్టారు చెప్పినట్టు అలవాటైపోయింది.

ఆఫీసులో ఉన్నప్పుడు గ్రీవెన్సు రోజున జనాన్ని వరసల్లో నిలబెట్టే పని నాది. 'పీటీజీలు అటు, మిగతావాళ్లు ఇటు' అని గేటు దగ్గర నిలబడి అరిచేవాణ్ణి. అలా అరవమని నాకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. మా నాన్న వయసువాళ్లు కొండలు దిగి ఒక పగలంతా నడిచి వచ్చేవారు. వాళ్ల పేరు వాళ్ల అర్జీ మీద ఉండేది, అర్జీ నా చేతిలో ఉండేది. ఒక్కరినైనా పేరు పెట్టి పిలవలేదు. ఆ అరుపుకి వాళ్లు గొర్రెల్లా అటు జరిగేవారు, నాకు అధికారం ఉన్నట్టు అనిపించేది. అటెండరుకు అంతకంటే ఏం దొరుకుతుంది చెప్పండి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. పింఛను కాగితాల్లో నా ప్రవర్తన 'సంతృప్తికరము' అని ఉంది, దాన్ని కూడా వెనక్కి తీసుకునే అధికారం తమకు ఉంటే వినియోగించుకోవచ్చు.

7. చిట్టి చెప్పిన సంగతి.

నిన్న శుక్రవారం హేమలతను వెంటబెట్టుకుని ఎగువ వలిసెలపుట్టు ఎక్కాను. కుర్రాళ్లకు నలభై నిమిషాల దారి, నా మోకాళ్లకు గంటన్నర. క్షమాపణ చెప్పించి, పిల్లను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చేద్దామని నా ఊహ.

చిట్టి వాకిట్లో కాఫీ పళ్లు ఎండలో తిరగేస్తోంది. మమ్మల్ని చూసి లేచి, కళ్లం అవతలికి పోయి నిలబడింది. మేం ఒక అడుగు వేస్తే అది ఒక అడుగు వెనక్కి వేస్తుంది. భయపడుతోందనుకుని, ఎవరూ ఏమీ అనరమ్మా, బడికి రా అన్నాను.

"తగ్గిపోనాక వత్తాను తాతా" అంది.

ఏటి తగ్గాలమ్మా అన్నాను. పీటీజీ అంది.

అయ్యా, ఆ పిల్ల అది జబ్బు అనుకుంటోంది. అనుకోవడంలో తప్పు లేదు కూడా. ఆరోగ్యం వాళ్లు జాబితా పట్టుకుని వస్తారు, ఆ జాబితాలో వాళ్ల ఇళ్ల పేర్లే చదువుతారు, వాళ్ల వేళ్లకే సూది గుచ్చి నెత్తురు చూస్తారు, వాళ్లకే ఎర్ర మాత్రలు ఇస్తారు. బడిలో దాన్ని ముట్టుకున్నవాళ్లు చేతులు కడుక్కుంటారు. తొమ్మిదేళ్ల పిల్ల ఈ రెండూ కలిపి చూసుకుంది. మాత్రలు మానకుండా మింగింది, అమ్మ వాటా కూడా మింగింది. కడుపులో తిప్పి వాంతులయ్యాయి. అయినా మొన్న వచ్చిన జాబితాలో పేరు అలాగే ఉంది. మాత్రలిచ్చే అమ్మను అడిగితే, ఆవిడ రాసుకుంటూ తలెత్తకుండా, మీకు పుట్టుకతోనే ఉంటుందమ్మా, పోయేది కాదు అందట. ఆవిడ జాబితా గురించి చెప్పింది. పిల్ల ఒంటి గురించి విన్నది.

చిట్టికి మూడేళ్ల తమ్ముడున్నాడు. వాడికి అంటుకుంటుందని వాణ్ణి ఎత్తుకోవడం మానేసింది. కంచం వేరు పెట్టుకుంది. పశువుల చూరు కింద పడుకుంటోంది. ఇవన్నీ ఎందుకు చేస్తోందో ఇంట్లోవాళ్లకు నిన్నటి దాకా తెలియదు. సోములమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. హేమలత నా చొక్కా వెనక పట్టుకుని నిలబడింది, దాని క్షమాపణ దాని నోట్లోనే ఉండిపోయింది.

నేను గంటసేపు చెప్పాను. జబ్బు కాదమ్మా, ప్రభుత్వం రాసుకునే మాట అన్నాను. మరి దాని అర్థం ఏటి అని అడిగింది. ఇరవై ఏడేళ్లు అరిచిన మాటకు అర్థం నాకు తెలియదు. తర్వాత మాస్టారిని అడిగితే, మొదటి అక్షరానికి ఆదిమ అనో, మొరటు అనో వస్తుందని నెమ్మదిగా చెప్పారు. తెలియకపోవడమే మంచిదయింది.

"మీకు నేదా?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను. నిజమే చెప్పాలి కదా.

"జబ్బు కాపోతే మాకే ఎందుకున్నాది మరి?"

చివరికి ఆ పిల్లే ఒక దారి చెప్పింది. ఉందని సీలేసి రాశారు కాబట్టి, లేదని కూడా సీలేసి రాయాలట. అది చూపిస్తే వస్తానంది. దిగుతున్నప్పుడు హేమలత, నా ఆట వల్లేనా తాతా అని అడిగింది. మనిద్దరి వల్ల అన్నాను.

కావున తమను ప్రార్థించునది:

అ) కిల్లో చిట్టి నాలుగో తరగతి విద్యార్థిని అనియు, ఆమెకు అంటుకునే జబ్బు ఏదియు లేదనియు, ఒక కాగితం మీద రాసి, గుండ్రటి సీలు వేసి ఇప్పించవలెను. ఎంత పెద్ద సీలు ఉంటే అంత మంచిది. ఇంకా ఆరు రోజులే గడువు ఉంది. ఈ అర్జీ వెనక గదిలోకి పోతే ఆ పిల్ల కూడా అందులోకే పోయినట్టు.

ఆ) పైన చెప్పిన పతకమును వెనక్కి తీసుకోవలెను. దాన్ని ఇంకెవరికైనా ఇస్తే తమ ఇష్టం. చిట్టికి మాత్రం ఇవ్వవద్దు. ఆ పిల్లకు కావలసింది పతకం కాదు, పక్కన కూర్చునే మనిషి.

ఇ) 'గుంట'ను పట్టిక నుంచి విడుదల చేయవలెను. అసలు పట్టికనే తీసేస్తే మరీ మంచిది. పదకొండు మాటలు గోడకు కొడితే పిల్లలు పన్నెండోది వెతుక్కుంటారు. దాని బదులు శనివారం శనివారం ప్రతి పిల్లనూ, ఈ వారం ఎవరి పక్కన ఎవరూ కూర్చోలేదు అని అడగమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. పిల్లలకు ఆ జవాబు ఎప్పుడూ తెలుసు. మనమే అడగం.

ఈ) హాజరు పుస్తకంలో ఆ మాట పిల్లల కంటపడని పేజీలో రాసుకొనుటకు వీలున్నదేమో పరిశీలించవలెను. వీలు లేదని జవాబు వస్తుందని తెలుసు. అయినా రాయకపోతే నా మనసు ఊరుకోలేదు.

తమరు ఈ అర్జీని చిత్తగించి, చిత్తగించినట్టు కింద ఒక పొట్టి సంతకం కూడా పెట్టవలెను. సంతకం లేని చిత్తగింపులు నేను చాలా మోశాను.

ఇట్లు,
అలవాటు కొద్దీ తమ విధేయుడు,
సెగ్గె బొంజుబాబు,
వలిసెలపుట్టు.
శనివారం.

తా.క.: ఇవాళ సోమవారం. అర్జీ పట్టుకుని జీపు ఎక్కబోతూ ఇది రాస్తున్నాను. పైన కోరిన సీలు కాగితం ఇక అక్కరలేదు, దయచేసి కొట్టివేయవలెను.

నిన్న ఆదివారం పొద్దున లేచేసరికి హేమలత ఇంట్లో లేదు. మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లలో పదకొండూ వచ్చాయి. పడుతూ లేస్తూ కొండెక్కాను. చూద్దునుగదా, ఇద్దరూ వాకిట్లో కూర్చుని ఒకే కంచంలో సామల జావ తాగుతున్నారు. చిట్టి ఒళ్లో తమ్ముడున్నాడు.

మా పిల్ల దానితో ఏం చెప్పిందో సోములమ్మ నాకు చెప్పింది. 'నాకూ ఉన్నాదే పీటీజీ. మా తాతకీ ఉన్నాది. ఆపీసుల పన్జేసినోడు కదా, సిగ్గుపడి నేదని సెప్పినాడు. మాకేటయింది? రోజూ బడికెల్తన్నాను, అన్నం తింటన్నాను' అందట. చిట్టి నా వైపు తిరిగి, నిజవేనా తాతా అని అడిగింది.

అయ్యా, జబ్బు కాదని నేను గంటసేపు చెప్పిన నిజాన్ని ఆ పిల్ల నమ్మలేదు. తనకూ ఉందని మా పిల్ల చెప్పిన అబద్ధాన్ని నమ్మింది. మాజీ ప్రభుత్వోద్యోగిని అయిన నేను, నిజమేనమ్మా, చిన్నప్పటి నుంచీ ఉంది అన్నాను. అలా అన్నాక నాకు ఏడుపొచ్చింది, ఇద్దరూ పకపకా నవ్వారు. పెద్దదై చదువుకున్నాక చిట్టే అసలు సంగతి తెలుసుకుంటుంది, నన్ను తిట్టుకుంటే తిట్టుకుంటుంది.

ఈ ఉదయం ఇద్దరూ బడికి వెళ్లారు. చిట్టి తిన్నగా మాస్టారి బల్ల దగ్గరికి పోయి, మీకున్నాదా మేస్టారూ అని అడిగింది. ఆయన హాజరు పుస్తకం మూసేసి, ఉంది, మా ఇంట్లో అందరికీ ఉంది అన్నారట.

పతకం మాత్రం తమరు తీసుకోవలసిందే. ఇంత పెద్ద అబద్ధం ఆడిన పిల్ల దగ్గర మంచి నడవడిక పతకం ఉండకూడదు. దీనితో జతపరిచాను.

ఒక్క చివరి విన్నపం. వచ్చే నెల తమరు మా బడి తనిఖీకి వస్తారని విన్నాను. చిట్టి కిటికీ పక్క వరసలో కూర్చుంటుంది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా అడుగుతానంది, తమరినీ అడుగుతుంది. తమరు పెద్ద చదువులు చదివినవారు, వివరించబోతారు. వివరించవద్దు. ఉందని చెప్పి, కాసేపు దాని పక్కన కూర్చోండి.